మెట్టసీమలో మేలుజాతి కోళ్ళు, దొడ్డి తోట
కర్నూలు, కడప ప్రాంత రైతులకు కొన్ని సూచనలు

మన సీమ వానను గూర్చి రైతు సోదరులకు వేరుగ చెప్పనక్కరలేదు. కర్నూలు, కడప ప్రాంతములలో సంవత్సరమునకు సుమారు 650 నుండి 700 మిల్లీమీటర్ల వాన పడును. అదియు చాలవరకు జూన్, నవంబరు నెలల మధ్యనే. తక్కిన నెలలు పొడిగా గడచును. ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటుట పరిపాటి. చేలో వేరుశనగ ఎండిపోయిన ఏట ఉప్పుకు, నూనెకు, పిల్లల పుస్తకములకు ఆదుకొనునవి దొడ్డిలోని పది కోళ్ళు, గాబు పక్కనున్న నాలుగు కూరగాయ మడులు. అయితే కోళ్ళు చచ్చునదియు, మడులు మాడునదియు ఆ ఎండలలోనే. ఇంటికి వచ్చిన నీటినే పొదుపుగా వాడి ఈ రెంటిని ఎట్లు కాపాడుకొనవచ్చునో ఈ వ్యాసములో తెలిసికొందము.

ఏ జాతి తగును?

మన ప్రాంతమునకు అసీల్ జాతి మిక్కిలి తగినది. పుంజు 4 నుండి 5 కిలోలు, పెట్ట 3 నుండి 4 కిలోలు తూగును. ఎండకు ఓర్చును, పొదుగుట బాగుగా తెలిసినది, పిల్లలను గద్ద నుండి కాపాడుకొనును. గుడ్లు మాత్రము తక్కువ. ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమవారు మన అసీల్‌ను ఇతర జాతులతో కలిపి కార్నిష్ అను జాతిని తయారుచేసిరి. నేడు లోకమంతట పెంచు మాంసపు కోళ్ళలో ఆ కార్నిష్ రక్తము కలదు. మన దొడ్డిలోని పుంజు అంత గొప్ప వంశమునకు చెందినది.

గుడ్లే ముఖ్యమనుకొనువారు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియను, గుడ్లు మాంసము రెండును కావలెననుకొనువారు వనరాజను పెంచవచ్చును. ఇవి సరిగా పొదగవు. కాబట్టి రెండు మూడు అసీల్ పెట్టలు దొడ్డిలో ఉండుట మేలు.

ఎండ కోడినెట్లు చంపును?

కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి సహజముగనే 41, 42 డిగ్రీలు ఉండును. బయటి వేడి పెరిగినప్పుడు అది నోరు తెరచి, రెక్కలు జారవిడిచి రొప్పును. ఊపిరితో పాటు తేమ బయటకు పోయి ఒళ్ళు చల్లబడును. రొప్పుట ఎక్కువైనకొలది రక్తములో బొగ్గుపులుసు వాయువు తగ్గును. దానివలన గుడ్డు పెంకునకు చాలినంత సున్నము చేరదు. వేసవిలో తోలుగుడ్లు, పలుచని పెంకు గుడ్లు వచ్చుటకు ఇది ఒక కారణము. రొప్పుట చాలనప్పుడు కోడి సోలి పడిపోవును. అట్టి కోడిని వెంటనే నీడకు చేర్చి, కాళ్ళను, తమ్మెలను చల్లని నీటితో తడుపవలెను. తేరుకొన్న పిదప కొద్దికొద్దిగ నీరు త్రాగనీయవలెను.

గూడు

గూటి పొడుగు తూర్పు పడమరలుగ ఉండవలెను. అప్పుడు ఉదయము, సాయంకాలము ఎండ లోపలికి సూటిగా పడదు. పొడుగు వైపు గోడలు మోకాలెత్తు చాలును. ఆపైన పిల్లి, ముంగిస దూరని వల బిగింపవలెను. మన ప్రాంతములో కడప బండలు చౌకగా దొరకును గనుక కొందరు గూటికి బండ కప్పు వేయుదురు. బండ పగలు కాగి రాత్రి అంతయు ఆ వేడిని లోనికి వదలుచుండును. బండపై ఒక జానెడు మందమున బోద గాని జొన్నచొప్ప గాని పరచి తాళ్ళతో కట్టవలెను. ఒక్కొక్క అసీల్ కోడికి 3 నుండి 4 చదరపు అడుగుల చోటుండవలెను. మధ్యాహ్నము గాలి వచ్చు వైపున తడిపిన గోనెపట్టాలు వ్రేలాడదీసిన లోపలి వేడి తగ్గును. నేల మాత్రము తడవకూడదు.

గూటి పక్కన చింత, వేప, కానుగ ఏదో ఒక చెట్టు నీడ ఉన్నచో అంతకు మించినది లేదు. ఆ నీడలో బూడిద, ఇసుక కలిపి ఒక గుంటలో పోసి ఉంచినచో కోళ్ళు అందులో పొర్లి పేలు దులుపుకొనును.

నీరు, మేత

మామూలు రోజులలో పది కోళ్ళు రెండు, రెండున్నర లీటర్ల నీరు త్రాగును. మండుటెండలలో దానికి రెట్టింపు కావలెను. వేడెక్కిన నీటిని కోడి ముట్టదు. కాబట్టి లోహపు పాత్ర మాని, మట్టి మూకుళ్ళను నీడలో సగము వరకు నేలలో పాతి, దినమునకు రెండు మూడు సార్లు నీరు మార్చవలెను.

మేత తెల్లవారుజామున, మరల పొద్దు వాలిన తరువాత వేయవలెను. మేత అరుగునప్పుడు ఒంటిలో వేడి పుట్టును గనుక మధ్యాహ్నపు మేత మేలు కంటె కీడే చేయును. పెద్ద కోళ్ళకు ఇంటిలోనే కలుపుకొనదగిన మేత ఇది: జొన్న, సజ్జ లేక కొర్ర నూకలు 5 కిలోలు, తవుడు 2 కిలోలు, వేరుశనగ లేక ప్రొద్దుతిరుగుడు పిండిచెక్క రెండున్నర కిలోలు, ఖనిజ లవణ మిశ్రమము 300 గ్రాములు, గుల్ల పొడి 200 గ్రాములు. దీనికి తోడు మునగాకు, తోటకూర వేయవలెను. పేడ, తడి చొప్ప నింపిన కుండను సాయంకాలము చెదలున్న చోట బోర్లించిన, తెల్లవారునప్పటికి అందులో చెదపురుగులు చేరును. కోడిపిల్లలకు అవి మంచి మాంసాహారము.

ఒక హెచ్చరిక. బూజు పట్టిన వేరుశనగ కాయలను, చెక్కను కోళ్ళకు వేయరాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు కారణము తెలియక చనిపోయెను. బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజు విషమే అందుకు కారణమని పిదప తేలినది. ఆ విషమునకే అఫ్లటాక్సిన్ అని పేరు. వేరుశనగ పండించు మనకు ఈ సంగతి అందరికంటె ఎక్కువగా తెలిసియుండవలెను.

పొదుగు, టీకాలు

అక్టోబరు నుండి జనవరి వరకు పొదుగు వేయుట మంచిది. అప్పటి పిల్లలు ఎండలు ముదురులోగా ఈకలు తొడిగి బలపడును. పెట్ట క్రింద 10, 12 గుడ్లు చాలును. 21 దినములకు పిల్లలు బయటపడును. పొదుగునకు దాచిన గుడ్లను తడి ఇసుక పోసిన కుండపై మూకుడులో ఉంచి, వేడి దినములలో నాలుగైదు దినములకు మించి నిలువ చేయరాదు.

మందలను తుడిచిపెట్టునది కొక్కెర తెగులు, అనగా రాణిఖేత్ వ్యాధి. పచ్చని తెల్లని పారుడు, రొప్పు, మెడ వంకర తిరుగుట దాని గుర్తులు. పట్టిన పిదప మందు లేదు. ముందుగ టీకాయే రక్ష. 5 నుండి 7 దినముల పిల్లకు లసోటా మందు కంటిలో గాని ముక్కులో గాని ఒక చుక్క, 28వ దినమున మరల అదే, 6వ వారమున మశూచి టీకా, 8వ వారమున ఆర్.టు.బి. టీకా చర్మము క్రింద వేయించవలెను. పిదప ఆరు నెలలకొకసారి కొక్కెర టీకా వేయించుచుండవలెను. టీకాకు వారము ముందు నట్టల మందు త్రాగించవలెను. టీకా మందును మంచులో ఉంచి తెచ్చి, కలిపిన రెండు గంటలలోపున చల్లని వేళ వేయించవలెను. ఊరిలో అందరు ఒకే దినమున వేయించిన మేలు. పొరుగు దొడ్డిలో తెగులున్నంత కాలము మీ దొడ్డికి భయమున్నట్లే.

దొడ్డి తోట

మొదట నీటి లెక్క చూడుడు. ఒక చదరపు మీటరు మడి మే నెలలో దినమునకు 6 నుండి 8 లీటర్ల నీరు కోరును. ఇంటిలో అంట్లు తోమిన, స్నానము చేసిన నీరు 60 లీటర్లుండిన 8 నుండి 10 చదరపు మీటర్లే పచ్చగా నిలచును. అంతకు మించి వేసిన అంతయు ఎండును. సబ్బుసోడా కలిసిన బట్టల నీరు మడులకు పనికిరాదు. అందులోని సోడియము నేలను, ముఖ్యముగా నల్లరేగడిని, గట్టిపరచును.

ఎత్తు మడులు మనకు తగవు. మూడడుగుల వెడల్పున, అరడుగు లోతున గుంట మడులు చేసి చుట్టు చిన్న గట్టు పోయవలెను. అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారిలో జూనీ తెగవారు తరతరములుగ ఇట్టి మడులలోనే కూరగాయలు పండించిరి. మడిపై వేరుశనగ పొట్టు రెండంగుళముల మందమున పరచిన తేమ నిలచును. చెదలున్న నేలలో దానితో పాటు వేపపిండి చల్లవలెను.

సొర, కాకర, బీర వంటి పాదులకు కుండ పద్ధతి మిక్కిలి లాభకరము. పూత లేని మట్టికుండను మెడ వరకు పాతి, నీరు నింపి, మూత వేసి, జానెడు దూరమున మూడు నాలుగు గింజలు నాటవలెను. నేల ఆరినకొలది నీరు కుండ గోడగుండ ఊరును. మూడు నాలుగు దినములకొకసారి నింపిన చాలును. గోరుచిక్కుడు, గోంగూర, మునగ, కరివేపాకు తక్కువ నీటితో బ్రతుకును. మొదటి సంవత్సరము వానితో ప్రారంభింపుడు.

కోళ్ళకు, తోటకు తగవు తీర్చుట

పది కోళ్ళ రాత్రి రెట్ట దినమునకు అర కిలో వరకు ఉండును. పచ్చి రెట్ట వేళ్ళను మాడ్చును. దానికి మూడింతలు ఎండుటాకులు కలిపి, నీడనున్న గుంటలో తడుపుచు రెండు మూడు నెలలు మాగనిచ్చి, నాటుటకు రెండు వారముల ముందు చదరపు మీటరునకు ఒక కిలో చొప్పున మట్టిలో కలుపవలెను.

లేత మడిని కోడి ఒక్క గడియలో గీరివేయును. చుట్టు గోరింట గాని ముళ్ళకంప గాని కట్టవలెను. లేత పాదులపై కోళ్ళ గంపనే బోర్లించవచ్చును. కాపు ముగిసిన మడిలోనికి మాత్రము కోళ్ళను వదలుడు. అవి పురుగులను, కలుపు గింజలను ఏరి తినును.

పోటీకి పుంజు

మన రాష్ట్రములో ఇటీవల చిలుకముక్కు, పొడవు తోక గల అసీల్ పుంజులకు అందపు పోటీలు జరుగుచున్నవి. మంచి పుంజునకు పెద్ద ధర పలుకును. నిటారైన నిలుకడ, బలమైన మెడ, చిన్న తల, తిన్నని కాళ్ళు, ఒంటికి అంటుకొన్న మెరయు ఈకలు మంచి అసీల్ గుర్తులు. కాకి, డేగ, సేతు అను రంగుల పేర్లు మీకు తెలిసినవే. చిన్ననాటి నుండి దినము సాయంకాలము చేతికి అలవాటు చేయవలెను. ప్రయాణము చల్లని వేళ గాలి ఆడు గంపలో చేయవలెను. పోటీనుండి వచ్చిన పుంజును మూడు వారములు విడిగ ఉంచిన పిదపనే మందలో కలుపవలెను. కత్తులు కట్టి ఆడు పందెములు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టము, 1974 నాటి జూద నిరోధక చట్టము ప్రకారము నేరము. నాలుగేండ్లు సాకిన పుంజు ఒక్క క్షణములో పోవును, ఇంటి సొమ్మును దానితో పోవును.

ముగింపు

జూన్‌లో మడులు త్రవ్వి గోరుచిక్కుడు, బెండ విత్తుడు. అక్టోబరులో పొదుగు వేయుడు. జనవరి, ఫిబ్రవరిలలో టీకాలు వేయించి గూటి కప్పు సవరింపుడు. మార్చిలో మీ నీడకు, మీ నీటికి మించిన పుంజులను అమ్మివేయుడు. పది కోళ్ళను సుఖముగ వేసవి దాటించిన ఇల్లు, ముప్పది పెంచి ఇరువది పోగొట్టుకొన్న ఇంటికంటె లాభము పొందును. సందేహములున్నచో సమీప పశువైద్యశాలను, కర్నూలు జిల్లావారు బనవాసి, కడపవారు ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రమును సంప్రదింపగలరు.