సూక్ష్మ శైవలములకు నామకరణము

సముద్రతీరమున నిలిచి దోసెడు నీరు ముంచి చూచినచో అది నిర్మలముగనే కనబడును. అందులో ఉప్పు తప్ప వేరేమియు లేదని తోచును. కాని ఆ దోసెడు నీటియందే వేలకొలది జీవులు సంచరించుచుండును. వానిలో అనేకములు శైవలములు. చెరువు మెట్లపై జారుచుండు పచ్చని నాచును ఎరుగనివారుండరు. ఆ నాచునకు దూరపు చుట్టములైన సూక్ష్మజీవులు సముద్రజలములందు అంతటను వ్యాపించియున్నవి. ఒక్కొక్కటి ఒకే కణముతో ఏర్పడినది. దానికి వేరు లేదు, కాండము లేదు, ఆకు లేదు. అయినను ఆకు చేయు పనిని అది చేయగలదు. సూర్యకాంతి సహాయమున నీటిని, బొగ్గుపులుసు వాయువును కలిపి ఆహారమును తయారుచేసికొని, ప్రాణవాయువును విడిచిపెట్టును. భూమిపై కాంతివలన తయారగు ఆహారములో సుమారు సగము ఇట్టి నీటి సూక్ష్మజీవుల పనియేనని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. వీనిని చిన్న ప్రాణులు తినును, చిన్న ప్రాణులను చేపలు తినును, చేపలను మానవులు తిందురు.

ఇంత ఉపకారము చేయు ఈ జీవుల పరిమాణమును ఊహించుట కష్టము. ఒక మిల్లీమీటరును వేయి సమభాగములు చేసినచో అందొక భాగమునకు మైక్రోమీటరని పేరు. ఈ శైవలములలో అనేకములు పది మైక్రోమీటరులకు మించవు. అట్టివానిని వందింటిని వరుసగా పేర్చినచో ఒక మిల్లీమీటరు పొడవగును. కొన్ని ఒక్క మైక్రోమీటరు మాత్రమే యుండును.

గాజు కటకములు గల సాధారణ సూక్ష్మదర్శినితో ఈ కణములను చూడవచ్చును. వాని రంగు, ఆకారము, నడక తెలియును. కాని వాని ఒంటిపై నుండు అతిసూక్ష్మమైన అంగములు తెలియవు. ఇది కటకముల లోపము కాదు, కాంతి స్వభావము. కాంతి తరంగరూపమున ప్రసరించును. తరంగదైర్ఘ్యములో సగము కంటె తక్కువ ఎడముతో నున్న రెండు బిందువులు ఆ కాంతిలో ఒకటిగానే కలిసిపోవును. మూరకోలతో బియ్యపుగింజ పొడవును కొలువజాలము గదా! కాంతితో ఒక మైక్రోమీటరులో అయిదవ వంతు కంటె చిన్నవానిని వేరుచేసి చూచుటయు అట్టిదే.

ఈ హద్దును దాటుటకు కాంతిని విడిచి వేరొక సాధనమును వెదకవలసి వచ్చెను. 1931లో జర్మనీ దేశపు బెర్లిను నగరమున ఎర్న్‌స్ట్ రుస్కా, మాక్స్ నోల్ అను ఇంజనీరులు కాంతికి మారుగా ఎలక్ట్రానులను ఉపయోగించి ఒక సూక్ష్మదర్శినిని నిర్మించిరి. ఎలక్ట్రానుల ప్రవాహమునకును తరంగస్వభావము కలదు. దాని తరంగదైర్ఘ్యము కాంతి తరంగదైర్ఘ్యము కంటె వేలరెట్లు చిన్నది. ఈ యంత్రములో గాజు కటకములకు బదులు విద్యుదయస్కాంతములు ఎలక్ట్రానుల దారిని వంచును. గాలి అడ్డు తగులకుండ లోపల శూన్యప్రదేశము నుండును. కంటికి కనబడని ఎలక్ట్రానులు తెరపై పడి అది వెలుగుట చేత ప్రతిబింబము గోచరించును. ఈ కృషికిగాను రుస్కాకు 1986లో నోబెలు బహుమానము లభించెను.

ఈ యంత్రమును శైవలముల పరీక్షకు వినియోగించి కీర్తి గడించినవారిలో ఇంగ్లండు దేశీయులైన ఇద్దరు విదుషీమణులు ముఖ్యులు. ఒకరు మేరీ పార్క్, రెండవవారు ఐరీన్ మాంటన్. మేరీ పార్క్ దక్షిణతీరమందలి ప్లిమత్ సముద్రజీవ పరిశోధనశాలలో పనిచేసెను. కానరాని శైవలములను పట్టి, గాజుపాత్రలలో పెంచి, అవి నశింపకుండ ఏండ్ల తరబడి కాపాడుటలో ఆమెది అందెవేసిన చేయి. ఐసోక్రైసిస్ గల్బానా అను శైవలమును 1949లో వర్ణించినది ఆమెయే. ఆల్చిప్పల పిల్లలకు ఆహారముగా అది నేటికిని అనేక దేశములలో పెంచబడుచున్నది. ఐరీన్ మాంటన్ ఉత్తరమున లీడ్సు విశ్వవిద్యాలయములో 1946 మొదలు 1969 వరకు వృక్షశాస్త్రాచార్యురాలు. మొక్కల కణములను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరీక్షించినవారిలో ఆమె తొలితరమునకు చెందినది. ఒకరు జీవమును పోషించు నేర్పు గలవారు, ఒకరు దాని నిర్మాణమును చూచు నేర్పు గలవారు. వీరిద్దరి కలయిక వలన 1955 మొదలు అనేక క్రొత్త జాతులు వెలుగులోనికి వచ్చెను.

క్రొత్త జాతిని వర్ణించుట ఎట్టి శ్రమతో కూడిన పనియో తెలిసికొనదగినది. మొదట నీటినుండి ఒకే ఒక కణమును వేరుచేయవలెను. సన్నని గాజునాళముతో దానిని పీల్చి, శుభ్రమైన నీటిలో విడిచి, మరల పీల్చి, ఇట్లు పలుమారులు చేయగా ఏకాకియైన కణము దొరకును. దానికి తగిన లవణములు, వెలుతురు, చల్లదనము సమకూర్చినచో అది రెండగును, రెండు నాలుగగును, కొన్ని వారములకు పాత్ర నిండును. అందులోని కణములన్నియు ఒక తల్లి బిడ్డలే గనుక వేరొక జాతితో కలగాపులగమైనదను సందేహమునకు తావుండదు. పిమ్మట సాధారణ సూక్ష్మదర్శినితో బ్రతికియున్న కణము ఈదు తీరును, తిను తీరును గమనింపవలెను. ఏలయన ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలోని శూన్యమునందు ఏ ప్రాణియు బ్రతుకజాలదు.

తరువాత కణములను రసాయనములతో చలనము లేకుండ చేసి, చిన్న రాగిజల్లెడపై పరచిన పలుచని పొరమీద ఆరబెట్టుదురు. పిదప శూన్యపాత్రలో లోహమును ఆవిరిచేసి వానిపై ఏటవాలుగా పడునట్లు చేయుదురు. సాయంకాలమున ఎండ ఏటవాలుగా పడినపుడు నేలమీది చిన్న మిట్టకును నీడ ఏర్పడును గదా! అట్లే ఈ లోహపుపూత పడినవైపు ఒక రీతిగను, పడనివైపు నీడగను కనబడి, కణముపై నుండు ఎత్తుపల్లములు స్పష్టమగును. లోపలి భాగములను చూడవలెనన్నచో కణమును గట్టి జిగురులో పొదిగి, గాజుకత్తితో మైక్రోమీటరులో పదియవ వంతు కంటెను పలుచని పొరలుగా కోయుదురు.

ఇట్లు పరీక్షింపగా పూర్వమెవ్వరును చూడని వింతలు బయటపడెను. క్రైసోక్రోములైనా అను ప్రజాతికి చెందిన కణమునకు ముందువైపున మూడు దారములు కానవచ్చుచుండెను. కణము ఈదుటకు తోడ్పడు ఇట్టి దారములకు కశాభములని పేరు. మూడును కశాభములే యని మొదట పలువురు తలచిరి. కాని ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో నిజము తేలెను. కశాభములో చుట్టును తొమ్మిది జంటపోగులు, నడుమ రెండు పోగులు ఉండును. మూడవ దారములో ఈ అమరిక లేదు. అది వేరొక అంగము. దేనినైనను అంటుకొనుటకు ఉపకరించును గనుక దానికి 1955లో హాప్టోనీమా యను క్రొత్త పేరు పెట్టిరి. అంటుకొను దారమని గ్రీకుభాషలో దానికి అర్థము.

అంతకంటె విశేషమైనవి పొలుసులు. సాధారణ సూక్ష్మదర్శినిలో నున్నగా కనబడిన ఈ కణముల ఒంటినిండ చేపకువలె సన్నని పొలుసులు అమరియుండెను. ఒక్కొక్క పొలుసుపై చేయి తిరిగిన ఇల్లాలు వాకిట తీర్చిన ముగ్గువలె గీతల కూర్పు కలదు. ఏ జాతి ముగ్గు ఆ జాతిదే. ఒకే తీరుగ కనబడు రెండు కణములు వేరువేరు జాతులని ఈ పొలుసులే తెలుపును. ఈ పొలుసులు బయట ఏర్పడవనియు, కణములోపల గాల్జీ దేహము అను భాగములో తయారై వెలుపలికి చేరుననియు మాంటన్, పార్క్‌లు కనుగొనిరి.

1962లో వీరు ఒక క్రొత్త జాతిని ప్రకటించిరి. దాని ఒంటిపై పలువిధములైన పొలుసులుండుట చేత క్రైసోక్రోములైనా పాలీలెపిస్ అని పేరు పెట్టిరి. పాలీలెపిస్ అనగా పెక్కు పొలుసులు గలది. జీవుల శాస్త్రీయనామములో రెండు మాటలుండును. మొదటిది ప్రజాతినామము, రెండవది జాతినామము. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందువచ్చి సొంతపేరు తరువాత వచ్చుట వంటిదే ఈ పద్ధతి. పేరు పెట్టుటకు కట్టుబాట్లు కలవు. ఆ జాతిని అంతకుముందు మరియొకరు వర్ణింపలేదని నిశ్చయించుకొనవలెను. 1958 మొదలు 2011 చివరి వరకు క్రొత్త శైవలముల వర్ణనను లాటిను భాషలో వ్రాయవలసియుండెను. చిత్రమును జతపరచవలెను. 2012 నుండి ఆంగ్లములోనైనను వ్రాయవచ్చును.

కంటికానని కణమునకు ఇంత శ్రమపడి పేరు పెట్టుట వలన లాభమేమని కొందరడుగవచ్చును. ఇరువదియారు సంవత్సరముల తరువాత కాలమే దానికి సమాధానము చెప్పెను. 1988వ సంవత్సరము మే మాసములో స్వీడను పడమటి తీరమున పంజరములలో పెంచుచున్న చేపలు హఠాత్తుగా చావసాగెను. ఆ కీడు ప్రవాహము వెంట నార్వే తీరమునకు ప్రాకెను. సాల్మను చేపల పెంపకమే జీవనముగా గలవారు తల్లడిల్లిరి. పంజరములలోని చేపలే కాక, నక్షత్రపుచేపలు, నత్తలు, ఎఱ్ఱని సముద్రపునాచులు సైతము నశించెను. లీటరు నీటిలో కోట్లకొలది సూక్ష్మకణములు కానవచ్చెను. ఆ కణమెట్టిదో తెలియనిదే చేయవలసినదేమో తెలియదు. సాధారణ సూక్ష్మదర్శినిలో అది ఇతర కణములవలెనే యుండెను. ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో పరీక్షింపగా పొలుసులు కనబడెను. ఆ పొలుసులు 1962 నాటి వర్ణనతో సరిపోయెను. అపకారి క్రైసోక్రోములైనా పాలీలెపిస్ అని తేలెను.

అంతవరకు ఈ జాతి చేపలను చంపునని ఎవ్వరికిని తెలియదు. కాని పేరు తెలిసిన పిదప దాని బంధువర్గమును తెలిసెను. దానికి దగ్గర చుట్టమైన ప్రిమ్నీసియం పార్వమ్ అను శైవలము ఉప్పునీటి చెరువులలో చేపల మొప్పలను చెరచి చంపునని అంతకు పూర్వమే ఋజువైయుండెను. పరిశోధకులు ఓడలపై వెడలి ఆ కణములు ఏ వైపునకు సాగుచున్నవో కనిపెట్టిరి. పెంపకముదారులు అనేకులు తమ పంజరములను పడవలకు కట్టి, ఉప్పదనము తక్కువగా నుండు సముద్రపుపాయల లోపలి భాగములకు లాగికొనిపోయి చేపలను కాపాడుకొనిరి. ఐరీన్ మాంటన్ ఆ 1988లోనే పరమపదించెను. మేరీ పార్క్ మరుసటి సంవత్సరము మరణించెను. వారు ఏనాడో పొందుపరచిన జ్ఞానము వారి కడపటి దినములలో పరదేశపు జాలరులకు అక్కరకు వచ్చెను.

నేడు పరీక్షాపద్ధతులు ఇంకను పెరిగినవి. పొలుసులతోపాటు కణములోని డి.ఎన్.ఎ.ను గూడ పోల్చి చూచుచున్నారు. అట్లు పోల్చగా ఈ శైవలము ప్రిమ్నీసియం ప్రజాతికే చెందునని నిర్ణయమై 2011లో దాని పేరు ప్రిమ్నీసియం పాలీలెపిస్‌గా మారెను. ఇంటిపేరు మారెను గాని సొంతపేరు మారలేదు. 1962లో పొలుసులను చూచి పెట్టిన పేరు నేటికిని నిలిచియున్నది.

శైవలములన్నియు అపకారులు కావు. ఆంధ్రదేశపు తీరమందలి రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రములలో అప్పుడే పుట్టిన పిల్లలకు పెట్టు మొదటి ఆహారము ఇట్టి సూక్ష్మశైవలములే. మేలు చేయునదేదో, కీడు చేయునదేదో ఎరుగుటకు ముందు ఒకదానినుండి మరియొకదానిని వేరుచేసి గుర్తింపగలుగవలెను. ఆ గుర్తింపునకు మొదటి మెట్టు సరియైన వర్ణన, రెండవ మెట్టు సరియైన పేరు. ఇల్లు కాలునపుడు నుయ్యి త్రవ్వుట వివేకము కాదని పెద్దలందురు. ప్రయోజనము కనబడకున్నను ఓర్పుతో సంపాదించిన జ్ఞానము ముందుగనే త్రవ్వియుంచిన నుయ్యి వంటిది.