మీకు తెలుసా? కల్లు రుచికి మండువకే పోవాలి!

ఫ్రాన్సులోని బోర్దో, బర్గండీ పల్లెల్లో తరతరాలుగా ఒకే కుటుంబం నడిపే ద్రాక్షతోటలకు జనం పనిగట్టుకొని వెళ్లి వైన్ రుచి చూస్తారు. మన తెలంగాణలోనూ భూపాలపల్లి నుంచి జనగామ దాకా పల్లెల్లో అలాంటి కుటుంబ వృత్తి ఒకటుంది, గౌడన్నల కల్లుగీత.

మంచి వైన్ ఏళ్ల తరబడి ఆగుతుంది. కల్లు ఆగదు. చెట్టుకు కట్టిన లొట్టిలో పడగానే సహజంగా చేరే ఈస్టు పని మొదలుపెడుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది. అందుకే అసలు రుచి కావాలంటే చెట్ల కింద కల్లు పోసే మండువకే పోవాలి, తాటాకు రేకలో పట్టి తాగాలి. పోతుతాడు (మగ తాటిచెట్టు), పండుతాడు (ఆడ తాటిచెట్టు), ఈత... దేని కల్లు రుచి దానిదే.

ఆ గుక్క వెనుక కష్టం చాలా పెద్దది. మోకు, ముత్తాదు కట్టుకొని రోజూ తాటిచెట్టెక్కి గెలను పలుచగా చెక్కాలి. మానేస్తే కోత ఎండి ధార ఆగిపోతుంది. జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లెందరో! గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024లో గౌడుల దైవం పేరిట ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎన్నడో రావాల్సిన సాయమిది.

అన్నట్టు, 1708లో వరంగల్‌పై దాడి చేసిన సర్వాయి పాపన్న కూడా గీత కుటుంబంవాడే. ఆయన కోట జనగామ జిల్లా ఖిలాషాపూర్‌లో ఉంది.