పొగ లేని బండి – పేద ఇంటికి సర్కారు సాయం



ఆసుపత్రికి ఆయాసంతో వచ్చేవారిని మేము అడిగే మొదటి ప్రశ్నలలో ఒకటి, "మీరేం పని చేస్తారు?" అని. "ఆటో నడుపుతానమ్మా" అనే జవాబు తరచుగా వింటాము. బీడీ, సిగరెట్ ముట్టనివారికి కూడా దగ్గు, కళ్లె, పిల్లికూతలు ఉంటాయి. మందులిస్తాము, నెబ్యులైజర్ పెడతాము, ఇన్‌హేలర్ వాడే పద్ధతి నేర్పుతాము. ఇంటికి వెళ్లాక ఆ సోదరుడు మళ్లీ అదే పొగలో కూర్చోవాలి. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టేది ఆ బండే కనుక మానేయమని చెప్పలేము. అందుచేత పొగ లేని బండి కొనడానికి ప్రభుత్వ సాయం ఎంత, అది పేదవానికి ఎంతవరకు అందుతుంది అన్నది ఆరోగ్య విషయమే.

పొగ చేసే హాని

బండి పొగలో కంటికి కనిపించని సన్నని నుసి ఉంటుంది. అది మన తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యవ వంతు మాత్రమే. ముక్కు, గొంతు దాన్ని ఆపలేవు. ఊపిరితిత్తుల లోపలి గాలి తిత్తుల దాకా పోయి, రక్తంలోకి కూడా చేరుతుంది. అందుకే పొగ వల్ల ఆయాసమే కాదు, గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా పెరుగుతుంది. డీజిల్ పొగ క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో ప్రకటించింది. చిన్నపిల్లలు పెద్దలకంటే వేగంగా ఊపిరి తీస్తారు. అందుచేత బడి ఆటోలో కూర్చున్న పిల్లలకు మరింత హాని.

మన దేశంలో సాయం

విద్యుత్ బండ్ల కొనుగోలుకు కేంద్ర ప్రభుత్వం 2015లో ఫేమ్ పథకం మొదలుపెట్టింది. రెండో దశ 2019 ఏప్రిల్ నుండి 2024 మార్చి వరకు నడిచింది. తరువాత 2024 అక్టోబరు 1న పి.ఎం. ఈ-డ్రైవ్ వచ్చింది. ఇందులో ఆటోకు మొదటి ఏడాది గరిష్ఠంగా 50,000 రూపాయలు, రెండో ఏడాది 25,000 రూపాయలు రాయితీగా నిర్ణయించారు. ఎన్ని బండ్లకు ఇవ్వాలో కూడా ముందే లెక్క పెట్టారు. ఆ లెక్క నిండితే రాయితీ ఆగిపోతుంది. సొంతానికి కొనే కారుకు ఫేమ్ రెండో దశలోనూ, ఈ-డ్రైవ్‌లోనూ రాయితీ పెట్టలేదు.

విద్యుత్ బండ్లపై జి.ఎస్.టి.ని 2019 ఆగస్టులో 12 శాతం నుండి 5 శాతానికి తగ్గించారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన వాహనమిత్ర కింద 10,000 రూపాయల చొప్పున, 2025 అక్టోబరులో 15,000 రూపాయల చొప్పున ఆటో సోదరులకు అందాయి. బీమా, ఫిట్‌నెస్, మరమ్మతు ఖర్చులకు ఈ డబ్బు ఎంతో ఆదుకుంది. అయితే బండి పొగ తగ్గించడం వాటి ఉద్దేశం కాదు.

సాయం ఎక్కడ ఆగుతోంది?

రాయితీ ధరలో తగ్గుతుంది. కాని పేదవాని ఇబ్బంది ధర ఒక్కటే కాదు. ముందు కట్టవలసిన సొమ్ము చేతిలో ఉండదు. బ్యాంకు అప్పు దొరకక ఎక్కువ వడ్డీకి తెస్తాడు. పైగా ధనవంతునికీ, దినవెచ్చానికి ఇబ్బంది పడేవానికీ రాయితీ ఒకటే.

కొన్ని దేశాలు దీన్ని వేరుగా ఆలోచించాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2015 నుండి ఒక పథకం ఉంది. పొగ చిమ్మే పాత కారును తుక్కుకు ఇచ్చిన తక్కువ ఆదాయం కుటుంబానికి శుభ్రమైన కారు కొనడానికి వేల డాలర్ల సాయం ఇస్తారు. ఆదాయం ఎంత తక్కువైతే సాయం అంత ఎక్కువ. కారు వద్దనుకుంటే బస్సు, రైలు ప్రయాణాలకు వాడుకోవచ్చు. ఫ్రాన్సు దేశం 2024 జనవరిలో పని కోసం దూరం వెళ్లే అల్పాదాయం వారికి విద్యుత్ కార్లను నెలకు 100 నుండి 150 యూరోల అద్దెకు ఇప్పించింది. పెద్ద మొత్తం ముందుగా కట్టే పని లేదు. జనం ఎంతగా వచ్చారంటే, ఆ ఏటి 50,000 కార్లు ఫిబ్రవరికే అయిపోయాయి. దారి సులభం చేస్తే పేదవారు కూడా పొగ లేని బండినే కోరుకుంటారు.

కొనదలచినవారు గమనించవలసినవి

1. ఏ రాయితీ ఆ రోజు అమలులో ఉందో షోరూములో అడిగి, బిల్లులో రాయించండి. ఈ-డ్రైవ్ రాయితీని బిల్లులోనే తగ్గించేలా పెట్టారు. "తరువాత ఇప్పిస్తాం" అనే దళారులకు డబ్బు ఇవ్వకండి.

2. ఎస్.సి., బి.సి. కార్పొరేషన్లు, క్రైస్తవ మైనారిటీల ఆర్థిక సంస్థ స్వయం ఉపాధికి రాయితీ రుణాలు ప్రకటిస్తుంటాయి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు సిద్ధంగా ఉంచుకోండి. గడువు దాటితే అవకాశం పోతుంది.

3. నెల వాయిదా, వడ్డీ, బ్యాటరీకి ఎన్నేళ్ల వారంటీ, మార్చవలసి వస్తే ఎంత ఖర్చు అన్నవి కాగితం మీద రాసి చూసుకోండి.

4. పడుకునే గదిలో బ్యాటరీ ఛార్జింగు పెట్టకండి. ఎర్త్ ఉన్న ప్లగ్గునే వాడండి.

కరెంటు తయారీలో బొగ్గు పొగ ఉంటుంది, నిజమే. కాని ఆ పొగ డ్రైవరు ముఖం ముందు, పిల్లల ముక్కు దగ్గర ఉండదు.

కొత్త బండి వచ్చేవరకు

స్టాండులో ఇంజను ఆపండి. కిరోసిన్ కలిపిన ఇంధనం వాడకండి. ఇంటి వాకిట్లో, పసిబిడ్డ ఉన్న చోట బండి స్టార్టు చేసి ఉంచకండి. బీడీ మానండి. రెండు వారాలు దాటిన దగ్గుకు తప్పక కళ్లె పరీక్ష చేయించుకోండి. అది క్షయ కావచ్చు. ఇన్‌హేలర్ రాసిచ్చినవారు ఆయాసం తగ్గిందని మీ అంతట మీరు ఆపకండి.

మంచి సమరయుడు దారిలో పడివున్నవాని గాయాలు కట్టి ఊరుకోలేదు. పూటకూళ్లవానికి తన డబ్బు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తానే చెల్లిస్తానన్నాడు. మన సంఘంలో చదువుకున్న యౌవనస్థులు ఒక ఆటో సోదరునికి దరఖాస్తు నింపిపెట్టినా, బ్యాంకుకు తోడు వెళ్లినా అది కూడా ఆ పరిచర్యే. ప్రభువు మీ ఊపిరిని, మీ ఇంటివారిని కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్