వసంతకాల వనవిహారం: ఆరోగ్య నియమాలు

మోదుగలు ఎర్రగా పూచి, ఇప్పపూలు తెల్లవారుజామున నేల రాలే కాలమిది. ఉగాదికి అటూ ఇటూ వచ్చే శని, ఆదివారాలలో కుటుంబసమేతంగా అడవిలో గడిపి రావలెనన్న కోరిక పట్నవాసులకు సహజం. ఇది శాస్త్రసమ్మతం కూడా. పూచిన వనాల శోభను వసంతంలో అనుభవించమని చరకుడు ఋతుచర్యలో చెప్పినాడు. అయితే వంటింటి వైద్యం తెలిసిన గృహస్థులు అడవికి బయలుదేరేటప్పుడు ఒక విచక్షణ అలవరచుకోవలెను. శొంఠితో తగ్గే బాధ ఏది, ఆస్పత్రికి తక్షణం చేర్చవలసిన ఆపద ఏది అన్నదే ఆ విచక్షణ.

స్థలము, కాలము

మన నల్లమలనే ఉదాహరణగా తీసుకుందాం. నాగార్జునసాగర్-శ్రీశైలం ప్రాంతం 1983లో పులుల అభయారణ్యమైనది. ఇటువంటి చోట అనుమతి లేకుండా లోనికి పోవడం, తోచినచోట గుడారం వేయడం చట్టవిరుద్ధం. నంద్యాల జిల్లాలోని బైర్లూటి, పచ్చర్ల వద్ద అటవీశాఖ బస కల్పిస్తున్నది. దిగువ అహోబిలంలో విడిది చేసి, ఎగువ అహోబిలం నుండి భవనాశినీ సెలయేటి వెంట జ్వాలా నృసింహ సన్నిధికి నడిచి రావడం మరొక మార్గం. అనుమతులు, దారి పరిస్థితి ముందే విచారించుకొనవలెను.

చైత్ర వైశాఖాలను వసంతమంటాము గాని, వైశాఖంలో మన ప్రాంతపు ఎండ గ్రీష్మాన్ని తలపిస్తుంది. కనుక ఫాల్గుణం చివర, చైత్రం మొదట అనుకూలమైన సమయం. ఎండుటాకుల అడవిలో నిప్పు రాజేయడం, చుట్ట, సిగరెట్టు కాల్చడం మహాపరాధం.

సగం బలంతో నడక

శీతకాలంలో పేరుకొన్న కఫం వసంతపు ఎండకు కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుందని వాగ్భటుడు అష్టాంగహృదయంలో వివరించినాడు. ఒంటి బరువు, బద్ధకం, జలుబు దాని ఫలితాలు. అందుకు వ్యాయామం మంచి విరుగుడు. కాని బలవంతులు సైతం ఈ ఋతువులో తమ శక్తిలో సగమే వినియోగించవలెనని నియమం. నోటితో ఊపిరి తీయవలసి వచ్చినదంటే సగం బలం ఖర్చయినట్లేనని సుశ్రుతుని అభిప్రాయం. ఆ గుర్తు కనిపించగానే ఆగి కూర్చోవలెను. తెల్లవారగానే నడక ప్రారంభించి, పది గంటలకు నీడకు చేరవలెను. మధ్యాహ్నం చల్లని నీడలో కబుర్లతో గడపమన్నారే గాని నిద్రించమనలేదు. వసంతంలో పగటినిద్ర కఫాన్ని పెంచుతుంది.

క్యారియరులో ఏముండవలెను?

పులిహోర, బొబ్బట్లు, పెరుగన్నం లేనిదే మనకు వనభోజనం లేదు. పులుపు, తీపి, బరువు ఈ ఋతువులో తగ్గించమని శాస్త్రం. వీటి బదులు గోధుమ రొట్టెలు, పెసరపప్పు, మిరియాల చారు తేలికగా జీర్ణమవుతాయి. లీటరు నీటిలో చిన్న శొంఠి ముక్క దంచి వేసి, మరిగించి, చల్లార్చి సీసాలలో నింపుకొనండి. చల్లారిన నీటిలో ఒక చెంచా తేనె కలిపి త్రాగవచ్చు. మధుమేహ రోగులకు, ఏడాది నిండని శిశువులకు తేనె పనికిరాదు. సెలయేటి నీటిని కాచకుండా త్రాగరాదు.

చిన్న బాధలకు

కాళ్ళ నొప్పులకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేసి, వేడినీటి స్నానం చేయించండి. ముళ్ళ గీతలను సబ్బునీటితో కడిగి శుభ్రంగా ఉంచితే చాలు. ముల్లు లోతుగా దిగితే ధనుర్వాతం సూదిమందు గురించి వైద్యుని సంప్రదించవలెను. దూలగొండి నూగు తగిలితే గోకరాదు, రుద్దరాదు. అంటుకొనే టేపుతో నూగును పైకి తీసి, ధారాళంగా నీరు పోయండి. ఎండకు నీరసించినవారికి శుభ్రమైన లీటరు నీటిలో, గుట్టగా కాక సమంగా కొలిచిన ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగించవలెను.

ఇంటివైద్యానికి లొంగనివి

ఎండలో మాట తడబడి, ఒళ్ళు కాలిపోతూ స్పృహ తప్పుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిపై నీరు చల్లి విసరుతూ, వెంటనే 108కి ఫోను చేయవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

పాముకాటుకు ఏ ఆకుపసరూ, ఏ మంత్రమూ పనిచేయదు. కాటును కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం అపాయకరం. ఉంగరాలు, గాజులు తీసివేసి, కరచిన అవయవం కదలకుండా ఉంచి, విషవిరుగుడు సూదిమందు ఉన్న ఆస్పత్రికి చేర్చవలెను. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండవు గనుక కాటు వేసినట్లే తెలియకపోవచ్చు. అందుచేత మంచంపై, అంచులు పరుపు క్రిందికి దోపిన దోమతెరలో పడుకొనవలెను. చీకటిలో టార్చిలైటు లేకుండా అడుగు వేయరాదు. ఉదయం బూట్లు దులిపి తొడుగుకొనవలెను.

ఇల్లు చేరిన తరువాత

విహారం ముగిసినా జాగ్రత్త ముగియదు. నెలలోపు జ్వరం వస్తే మిరియాల కషాయంతో రోజులు గడపరాదు. దోమకాటు వలన మలేరియా, పొదలలోని నల్లుల వంటి సూక్ష్మజీవులు కుట్టడం వలన స్క్రబ్ టైఫస్ రావచ్చు. రెండింటికీ సకాలంలో చికిత్స ప్రాణరక్షకం. చంక, గజ్జ, నడుము మడతలలో నల్లని చెక్కు కట్టిన పుండు ఉన్నదేమో చూసి, అడవికి వెళ్ళివచ్చిన సంగతితో సహా వైద్యునికి చెప్పి రక్తపరీక్ష చేయించుకొనండి.

ఈ నియమాలను కాగితంపై వ్రాసి, శొంఠి పొట్లంతోపాటు ప్రయాణపు సంచిలో ఉంచుకొనండి. సమీపంలోని ఆస్పత్రి పేరు, దారి కూడా అదే కాగితంపై వ్రాసుకొనడం మరువకండి.