మీకు తెలుసా? విస్కీ సీసా మీద 12 ఎవరి వయసు?

సింగిల్ మాల్ట్ విస్కీ అంటే ఒకే పీపాలోది అనుకుంటారు చాలామంది. కాదు. ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే కాచిన సరుకు. ఎన్నో పీపాలు కలుస్తాయి. సీసా మీది 12, వాటిలో అన్నిటికంటే లేత విస్కీ వయసు.

ఇంట్లో పెద్దలు నలుగురు కూర్చుని పోల్చి చూడటానికి మరీ ఖరీదైనవి అక్కర్లేదు. స్కాట్లాండ్‌లో స్పేసైడ్ ప్రాంతపు గ్లెన్‌లివెట్ 12, ఐలా దీవి లఫ్రోయిగ్ 10 చాలు. మొదటిది పళ్ల వాసన. రెండోదానికి బార్లీని పీట్ (ఎండిన బురదనేల మట్టి) పొగలో ఆరబెడతారు కాబట్టి పొగ, అయొడిన్ ఘాటు. ఆస్పత్రి గుర్తొస్తోందని ఎవరైనా మొహం చిట్లిస్తే తప్పు పట్టలేం! పొగది చివర్లోనే పోయాలి, లేకపోతే మొదటిదాని రుచి నాలుకకు అందదు.

రంగు చూసి మోసపోకూడదు. కారమెల్ కలపడానికి స్కాచ్ చట్టమే ఒప్పుకుంటుంది. నీళ్లు కలపడం నామోషీ ఏమీ కాదు. విస్కీలను కలిపే నిపుణులు, అంటే బ్లెండర్లు, సుమారు 20 శాతం ఆల్కహాల్‌కు పలచన చేసి, చాలావరకు ముక్కుతోనే తేల్చేస్తారు.