నీటిలో రెండో ఆకాశం

కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టే మక్తల్ ప్రాంతంలో, నది ఒడ్డునైనా సంగంబండ జలాశయం గట్టుమీదైనా నిలిచి చూస్తే, దూరపు నీరు ఆకాశాన్ని చూపుతుండగా, కాళ్ల దగ్గరి నీరు తేటగా ఉన్నప్పుడు అడుగునున్న రాళ్లను చూపుతుంది. నీటిపై నిట్టనిలువుగా పడిన వెలుతురులో సుమారు 2 శాతం మాత్రమే పరావర్తనం చెందడం, అంటే తిరిగి పైకి మళ్లడం, దూరపు నీటి విషయంలోలా వెలుతురు వాలుగా పడేకొద్దీ ఆ వాటా బాగా పెరగడం ఇందుకు కారణం.

ప్రతిబింబమంటే అసలు వస్తువును తలకిందులు చేసిన నకలేనన్న భావన ప్రచారంలో ఉన్నా, అది పూర్తిగా సరికాదు. కృష్ణా స్టేషన్ సమీపంలోని రైలు వంతెనను ఒడ్డునుంచి చూసినప్పుడు, నేరుగా కంటికి ఆనని దాని అడుగుభాగం కూడా నీటిలో కనబడవచ్చు. ఎందుకంటే చూసేవారి కన్ను నీటిమట్టానికి ఎంత ఎత్తున ఉందో అంతే లోతునుంచి పైకి చూసినట్లుగా ఆ దృశ్యం ఏర్పడుతుంది.

అద్వైతులు ఈ నిత్యానుభవాన్నే తత్త్వవిచారానికి సాధనం చేసుకున్నారు. 14వ శతాబ్దికి చెందిన విద్యారణ్యులు 'పంచదశి'లో, కుండలోని ఖాళీని ఘటాకాశమని, కుండనీటిలో మబ్బులతో, చుక్కలతో ప్రతిఫలించే ఆకాశాన్ని జలాకాశమని పేర్కొని, ఈ రెండోదానితో జీవుణ్ణి పోల్చారు. అద్వైతంలోనే 'వివరణ' అనే సంప్రదాయం వారు ప్రతిబింబం బింబంకంటె, అంటే అసలు రూపంకంటె, వేరు కాదని వాదించారు. ఇంతటి తర్కానికి ఇంటింటా ఉండే నీళ్లకుండ చాలడం మెచ్చదగినదే.

గాలి లేస్తే అలలవల్ల రూపాలు చెదిరిపోతాయి కనుక, ఈ ప్రతిబింబాలను చూడాలనుకునే పాఠకులు సాధారణంగా గాలి తక్కువగా ఉండే తెల్లవారిన తొలి గంటలోనే నీటి ఒడ్డుకు వెళ్లడం మేలు.