గుర్రపు లాడం బల్ల దగ్గర మనవాళ్లు

న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి కూర్చునే గదిలో బల్ల గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. ఆ గదిని తీర్చిదిద్ది ఇచ్చింది నార్వే. 1957 జనవరి 23న ఆ బల్ల దగ్గర భారత ప్రతినిధి వి.కె. కృష్ణమేనన్ కశ్మీర్ గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ ఒక్కరోజే 5 గంటలకు పైగా మాట్లాడారు. మర్నాడు మళ్లీ అందుకున్నారు. రెండు రోజులూ కలిపితే దాదాపు 8 గంటలు. భద్రతా మండలి చరిత్రలో అంతకన్నా పొడవైన ప్రసంగం లేదు. మాట్లాడి మాట్లాడి ఆయన సొమ్మసిల్లారు. అంత చేసినా కశ్మీర్‌పై ఆనాటి తీర్మానం ఆగలేదు. నెల తిరగకుండానే, ఫిబ్రవరి 20న, మరో తీర్మానం వచ్చినప్పుడు సోవియట్ యూనియన్ వీటోతో దాన్ని అడ్డుకుంది. వీటో లేని దేశానికి మాటే ఆయుధమని మేనన్‌కు తెలుసు. ఆ ఆయుధాన్ని ఒంట్లో శక్తి ఉన్నంతవరకూ వాడారు.

అసలు సమితిలో మన ప్రవేశమే ఒక వింత. 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్టర్ మీద సంతకాలు చేసిన 50 దేశాల్లో భారత్ ఒకటి. స్వాతంత్ర్యం రావడానికి ఇంకా రెండేళ్లకు పైగా ఉంది. సొంత జెండా ఎగరక ముందే మనం వ్యవస్థాపక సభ్యులమయ్యాం.

మండలిలో కుర్చీ మొదటిసారి దక్కింది 1950లో. అప్పట్లో మండలి లాంగ్ ఐలాండ్‌లోని లేక్ సక్సెస్‌లో, ఒక పాత కర్మాగారం భవనంలో సమావేశమయ్యేది. అధ్యక్ష స్థానం నెలకో దేశానికి వంతుగా వస్తుంది. 1950 జూన్ వంతు మనది. కూర్చున్నది బెనెగళ్ నర్సింగరావు, మన రాజ్యాంగ రచనకు సలహాదారుగా పనిచేసిన మేధావి. నెలాఖరు దగ్గరపడుతుండగా, జూన్ 25న, కొరియా యుద్ధం విరుచుకుపడింది. గణతంత్రమై ఆరు నెలలైనా నిండని దేశం ప్రతినిధి ఆ అత్యవసర సమావేశాన్ని నడిపించారు.

మన తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి మాత్రం అంతకు రెండేళ్ల ముందుది. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారత్ మీద భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న ప్యారిస్‌లో మండలి దాన్ని చర్చకు తీసుకుంది. అప్పటికి మన సైన్యం హైదరాబాద్ సంస్థానంలో అడుగుపెట్టి నాలుగో రోజు. మర్నాడే నిజాం లొంగిపోయాడు. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు కబురు పంపాడు. ఫిర్యాదుదారే తప్పుకున్నా ‘హైదరాబాద్ ప్రశ్న’ మండలి జాబితాలోంచి పోలేదు, దశాబ్దాల తరబడి అలాగే ఉండిపోయింది.

ఆ సంస్థానంలోనే పుట్టి, వందేమాతరం ఉద్యమంలో చేరినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని వదులుకోవాల్సి వచ్చిన కుర్రవాడొకడు ఉన్నాడు. 1992 జనవరి 31న భద్రతా మండలి చరిత్రలో తొలిసారిగా దేశాధినేతల స్థాయిలో సమావేశం జరిగింది. భారత్ తరఫున అందులో కూర్చుని మాట్లాడినది ఆ కుర్రవాడే, ప్రధాని పి.వి. నరసింహారావు. 1948 ఫిర్యాదునూ 1992 సమావేశాన్నీ పక్కపక్కన పెట్టి చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. నిజాం ఫిర్యాదు పట్టుకెళ్లిన మండలికే నిజాంను ఎదిరించినవాడు ప్రధానిగా వెళ్లాడు.

ఇక ఓట్ల సంగతి. 15 మంది సభ్యుల్లో శాశ్వతులు ఐదుగురు. మిగతా పది స్థానాలకు సర్వప్రతినిధి సభ రెండేళ్ల గడువుతో ఎన్నుకుంటుంది, మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. ఎక్కువసార్లు నెగ్గిన రికార్డు జపాన్‌ది, 12 సార్లు. తర్వాత బ్రెజిల్, 11. మనం 8 సార్లు. 1996లో అదే జపాన్‌తో పోటీపడి 142కి 40 ఓట్లతో చిత్తుగా ఓడిపోయాం. 1992 చివరిలో దిగిన కుర్చీని మళ్లీ ఎక్కడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది. అందుకోసం ముందటి ఏడాది జరిగిన ఎన్నికలో వచ్చిన ఓట్లు 190కి 187. 2020లో 192కి 184. నలభై నుంచి నూట ఎనభై ఏడుకు పద్నాలుగేళ్లు పట్టింది. ఎనిమిదో దఫాలో, 2021 ఆగస్టు 9న, సముద్ర భద్రతపై చర్చకు నరేంద్ర మోదీ అధ్యక్షత వహించారు. మండలి సమావేశాన్ని నడిపిన తొలి భారత ప్రధాని ఆయనే.

గదిలో లెక్క ఇది. గది బయట లెక్క దీనికంటే పెద్దది. ఇప్పటివరకూ 2,50,000 మందికి పైగా మన సైనికులు, పోలీసులు నీలిరంగు టోపీ పెట్టుకుని 50 దాకా శాంతి పరిరక్షక కార్యక్రమాల్లో పనిచేశారు. ఇంతమందిని పంపిన దేశం మరొకటి లేదు. ప్రాణాలిచ్చినవాళ్లు 170కి పైగా. అందులోనూ మనదే మొదటి స్థానం.

1961 డిసెంబరు 5, కాంగోలోని ఎలిజబెత్‌విల్. దారి మూసేసి కాచుకున్న సాయుధులు 90 మంది దాకా ఉన్నారు. గూర్ఖా రైఫిల్స్ కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా వెంట ఉన్నది 16 మంది. కుక్రీలు దూసి మీద పడ్డారు. మెడకు తూటా తగిలినా సలారియా వెనక్కి తగ్గలేదు, నెత్తురు పోయి కూలిపోయేదాకా పోరాడాడు. వయసు 26. ఐక్యరాజ్యసమితి విధుల్లో పరమవీర చక్ర పొందినవాడు నేటికీ ఆయన ఒక్కడే.

మరో మొదటిది 2007లో, లైబీరియాలో. వందమందికి పైగా సీఆర్‌పీఎఫ్ మహిళలు ప్రపంచంలోనే తొలి పూర్తి మహిళా శాంతి పోలీసు దళంగా మన్రోవియాలో దిగారు. 2016 దాకా దళాలు మారుతూ వచ్చాయి. యుద్ధం చితకగొట్టిన ఆ దేశపు ఆడపిల్లలు పోలీసు ఉద్యోగాలకు ముందుకు రావడానికి వీళ్లే స్ఫూర్తి అని అధ్యక్షురాలు ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ స్వయంగా చెప్పారు.

ఇన్ని ప్రాణాలిచ్చిన దేశానికి శాశ్వత స్థానం లేకపోవడం అన్యాయమే. మండలి చివరిసారి పెరిగింది 1965లో, 11 నుంచి 15కి. పెరిగినవన్నీ తాత్కాలిక స్థానాలే. అయినా అందిన కాస్త గడువులో మనవాళ్లు పట్టుబట్టి సాధించిన పని ఒకటుంది. 2021 ఆగస్టులో, శాంతి సైనికులను చంపినవాళ్లకు శిక్ష పడేలా చూడాలన్న 2589వ తీర్మానాన్ని భారత్ తెచ్చింది. 15 మందీ ఒప్పుకున్నారు. రెండేళ్లకు, 2023 జూన్‌లో, అమరులైన శాంతి సైనికుల కోసం సమితి ప్రధాన కార్యాలయంలో స్మారక గోడ కట్టాలన్న మన ప్రతిపాదనకు సర్వప్రతినిధి సభ ఆమోదం తెలిపింది. చనిపోయినవాళ్లందరి పేర్లూ రాస్తే ఆ గోడ మీద అన్ని దేశాలకంటే ఎక్కువ కనిపించేవి మన పిల్లల పేర్లే.